ఫోను మార్చిందని చెప్పుకునే పాళెం

మీడియా ఓటరు మనసు మీద ఎలా పనిచేస్తుందో నేర్పే శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ఒక కథ చెబుతున్నారట. ఆత్మకూరుకు పడమట చెరువు కట్ట కింద ఇరవై నాలుగు ఇళ్ళ పాళెం ఒకటి ఉంది. ఎన్నికల ముందు అక్కడి వాళ్ళు తలా ఒక రకంగా ఆలోచించేవాళ్ళు. వారం తిరిగేసరికి, ఫోన్లలో వచ్చిన వీడియోలు చూసి, పాళెం పాళెమంతా ఒకే వైపుకు మళ్ళింది. తెర మీద రెండు బొమ్మలు వేస్తారు. మొదటి దాంట్లో నాలుగు రంగుల ముక్కలు, రెండో దాంట్లో ఒకటే రంగు. కొత్తగా చేరిన పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఫోనుకు ఎంత బలం ఉందో అని రాసుకుంటారు.

ఆ కథ అబద్ధం. ఆ పాళేన్ని ఏ ఫోనూ మార్చలేదు. అక్కడ కాగితాలు పంచింది నేను, పోగుచేసింది నేను, వాటిని పెట్టకూడని చోట పెట్టి వచ్చిందీ నేనే. అందుకని ఈ కథలో ఫోనుకు ఇచ్చిన పాత్ర నాకు రావలసింది.

ఇరవై రెండేళ్ళు ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. పొలిటికల్ సైన్సులో డిగ్రీ చేసి, సబ్బుల గురించీ టీకాల గురించీ మరుగుదొడ్ల గురించీ అడుగుతూ కలిగిరి నుంచి మర్రిపాడు దాకా తొక్కని డొంక లేదు. మోకాళ్ళు ఇక రామన్నాయి, మానేశాను. నోరు మాత్రం ఇంకా పనిచేస్తోంది. ట్యాబులు పట్టుకుని తిరిగే మీ కోసం ఇది రాస్తున్నాను. మీ ట్యాబుల్లో తాళాలుంటాయని మీరు నాకు చెప్పబోతున్నారని తెలుసు. ముందు వినండి.

ఆ పని ఒక నగరంలోని పరిశోధనా సంస్థది. ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల ఎంచుకున్న ఊళ్ళలో ఇంటికొకరికి ఒక డైరీ ఇవ్వాలి. వాళ్ళు రోజూ ఏ చానల్ చూశారో, ఏ పేపర్ చదివారో, ఫోన్లో ఏ వీడియో వచ్చిందో, మైకు ఆటో ఏం అరిచిందో, టీ అంగట్లో ఏం విన్నారో గడుల్లో టిక్కు పెట్టాలి. వారం చివర ఒక పెద్ద గడి: ఈ రోజే ఓటయితే ఏ గుర్తుకు వేస్తారు? వారానికొక కాగితం చించి మేం తెచ్చుకుంటాం. అలా మూడు వారాలు. కాగితం మీద పేరు ఉండకూడదు. ఆరంకెల కోడ్ ఉంటుంది. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా నా దగ్గర తాళంలో ఉండాలి.

నగరంలో కూర్చుని ఆ డైరీ తయారు చేసిన వాళ్ళకు ఒక సంగతి తెలియదు. ‘మీరు ఏ చానల్ చూస్తారు?’ అన్న ప్రశ్నను వాళ్ళు మొహమాటం పోవడానికి మొట్టమొదట పెట్టారు. మా వైపు అది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. టీ అంగడి ముందు నుంచి నడిచిపోతూ లోపలి టీవీ గొంతు వింటే చాలు, అంగడి వాడిది ఏ పార్టీయో చెప్పేయొచ్చు. చానల్ పేరు చెప్పిన వాడు ఓటు చెప్పినట్టే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చేసిన తప్పు కాబట్టే ఇంతకాలం గొంతులో ఉండిపోయింది.

తప్పు ఎక్కడ మొదలైందంటే, ఆ ఆరంకెల కోడ్ దగ్గర. ఎవరికీ గుర్తుండదు. పాళెంలో ఒక్కో తలుపు మీద మూడేసి నంబర్లుంటాయి, ఏదీ దేనితోనూ కలవదు. ఆడవాళ్ళలో సగం మందిది ఒకటే పేరు. మొదటి ఊళ్ళో కాగితాలు తారుమారై రెండు రోజులు తల పట్టుకున్నాం. అప్పుడు నాకొక తెలివి తట్టింది. ఓటరు లిస్టు ఎలాగూ చేతిలో ఉంది. ఆధార్ నంబరు చెప్పలేని వాళ్ళు కూడా లిస్టులో తమ నంబరు ఠక్కున చెబుతారు, ప్రతి ఎన్నికకూ చీటీలు పంచే వాళ్ళు ఆ నంబరుతోనే కేకేస్తారు కాబట్టి. కాగితం మీద ఆ నంబరు వేద్దాం, నగరానికి పంపేముందు పైగడి చించేసి ఆరంకెల కోడ్ వేద్దాం అన్నాను. పని సగానికి సగం తగ్గింది.

నా జట్టులో కలిగిరి నుంచి వచ్చే ఆమె ఒకతి ఉండేది. నాకంటే పదేళ్ళు చిన్న. అంతకుముందు బీమా పాలసీలు కట్టిస్తూ తిరిగిన మనిషి, జనాన్ని నాకంటే బాగా చదివింది. ఆత్మకూరు బస్టాండు వెనక మేం అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుని అంది:

"అక్కా, ఈ నంబరొద్దు. ఊళ్ళో బూత్ ఏజెంట్ల కాడ ఇదే లిస్టు ఉండాది. పేరు రాసినా ఒకటే, ఇది రాసినా ఒకటే."

"బూత్ ఏజెంట్లకు మన కాగితాలు ఎవరు చూపిస్తారు? నువ్వా?"

"నేనెందుకు చూపిస్తానక్కా..."

"మరి? బీమా కాగితాలు కావు ఇవి. పద్ధతి నాకు తెలుసు."

ఆమె లిస్టు మడిచి నా ముందు పెట్టింది. వాదనలో ఎదుటి మనిషి నోరు మూస్తే నేను గెలిచానని అనుకునే అలవాటు నాది. ఇంట్లోనూ అంతే, బయటా అంతే.

ఆ పాళెం జనం చెరువులో నీళ్ళున్నప్పుడు చేపలు పడతారు, లేనప్పుడు కూలికి పోతారు. అక్కడ మా డైరీ తీసుకున్న వాళ్ళలో బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఒకరు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఏడో తరగతి దాకా చదివింది. ముందు డైరీ వద్దంది.

"చానల్ పేరు చెప్తే గుర్తు చెప్పినట్టే గదక్కా. నాకెందుకీ తంటా? బడి కమిటీలో ఉండేది పెద్దింటోళ్ళు. ఈ వంట పని వాళ్ళు ఇప్పించిందే. మా ఆయన వల వేసేది ఏడాదిలో మూణ్ణెల్లు. తక్కిన తొమ్మిది నెలలూ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే."

నేను ఊరుకుంటానా? పేరు లేని కాగితం అన్నాను. నగరానికి పోతుంది, అక్కడ నిన్నెవరూ ఎరగరన్నాను. ఇంత తెలివిగా మాట్లాడతావు, ఒక టిక్కు పెట్టడానికి భయమా అని ఎగతాళి చేశాను. చివరికి, "నీ పనికి నాదీ పూచీ" అన్నాను. ఆ మాట అచ్చంగా అలాగే అన్నాను. నాకు ఆ బడితో ఏం సంబంధం, ఆ కమిటీ మీద నాకేం అధికారం? అయినా అన్నాను.

ఆమె నవ్వి డైరీ తీసుకుంది.

మొదటి వారం కాగితం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. అందరూ టిక్కులు పెడితే ఈమె పక్కన ఖాళీలో పెన్నుతో రాసింది. ‘టీవీలో ఇద్దరు కొట్లాడినారు, చూస్తా ఉంటే చారు పొంగిపోయింది.’ ‘ఫోన్లో ఒకాయన అరిచినాడు. అరుపు ఎక్కువ, మాట తక్కువ.’ ఇంకోచోట: ‘పెద్దింట్లో ఒక చానల్, మా ఇంట్లో ఇంకో చానల్. రెండూ చూసినాక ఎవరేం దాచినారో తెలస్తాది.’ మా అధ్యయనం మొత్తం తేల్చాలనుకున్న విషయం ఈ వంటమనిషి ఒక్క వాక్యంలో రాసిపెట్టింది. ఓటు గడిలో పెద్దింటి వాళ్ళకు ఎదుటి పార్టీ గుర్తు పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది. పైన గడిలో ఆమె నంబరు, రెండొందల పదిహేడు.

ఇప్పుడు పెద్దిల్లు సంగతి. మా వైపు ఏ ఊళ్ళో సర్వే చేయాలన్నా ముందు పెద్దరైతు ఇంటికి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఎవరూ తలుపు తీయరు. ఆయన కాఫీ ఇప్పిస్తారు, "మా వాళ్ళేలే, పోయి రాసుకోండి" అంటారు. ఆడవాళ్ళం కాబట్టి ఆ ఇంట్లో బాత్రూమ్ వాడుకోనిస్తారు, అన్నం పెడతారు. ఇది నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పద్ధతి, దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. ఆ ఇంటి పెద్దాయనే ఆ బూత్ వ్యవహారం చూసే మనిషి. ఓటరు లిస్టు ఆయనకు కంఠతా.

మొదటి వారం కాగితాలు తీసుకున్న రోజు అక్కణ్ణుంచి అటే ఉదయగిరి వైపు ఊళ్ళకు వెళ్ళాలి. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. చేతుల్లో కొత్త డైరీల కట్టలు. పెద్దింటామె, "ఆ సంచి ఈడ పెట్టి పోండమ్మా, ఎవరు ముట్టుకుంటారు? ఎల్లుండి వస్తా తీసకపోదురు" అంది. పాళెం కాగితాలున్న సంచి మూతి కట్టి, వాళ్ళ ముందుగదిలో బీరువా పక్కన పెట్టి బస్సెక్కాను. కలిగిరి ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి చూసింది. "ఎక్కు, ఎక్కు" అని నేనే తోశాను.

రెండు రోజుల తర్వాత సంచి పెట్టిన చోటే ఉంది. పెద్దింటామె మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చాం.

రెండో వారం కాగితాలు తెచ్చింది కలిగిరి ఆమె ఒక్కతే. నేను గదిలో బల్ల మీద పరిచి చూశాను. ఇరవై నాలుగు ఇళ్ళూ ఒకే చానల్ చూశాయి. ఇరవై నాలుగు ఇళ్ళలోనూ రోజూ పెద్దింటి పార్టీ వీడియోలు చూశారు. ఇరవై నాలుగు కాగితాల్లోనూ ఓటు గడిలో ఒకటే గుర్తు. పక్కన ఖాళీల్లో ఒక్క అక్షరం లేదు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పరిచిన కాగితాలు అలాగే ఉంచి, జట్టులో మిగతా ఇద్దరమ్మాయిల ముందే ఆమె మీద విరుచుకుపడ్డాను.

"ఏ చెట్టు కింద కూర్చుని నింపావు వీటిని?"

"నేను నింపలా."

"మరి ఈ కాగితం ఇచ్చిన అవ్వ సంగతేంటి? రెండు కళ్ళకూ శుక్లాలు, ఇంట్లో ఫోనే లేదు. ఏడు రోజులూ వీడియోలు చూసిందా? పాలసీలు అమ్మే వాళ్ళు దొంగ సంతకాలు పెడతారని విన్నాను, ఇప్పుడు చూస్తున్నాను."

ఆమె మొహం నల్లబడింది. కోపంతో అరుస్తుందనుకున్నాను. చెప్పులు వేసుకుంటూ, "రేపు పొద్దున్నే బస్సుకు పోదాం. మీరే అడగండి. నేను నోరు కూడా తెరవను" అంది.

మర్నాడు ముందు ఆ అవ్వ ఇంటికి వెళ్ళాం. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. గొంతు విని నన్ను పోల్చుకుంది.

"చూసినా. రోజూ చూసినా. రాసుకో."

"ఏం చూశావవ్వా?"

"ఏం చూసినానని చెప్పాల్నో నువ్వే చెప్పు తల్లీ, అదే చెప్తా. మళ్ళీ మళ్ళీ రావద్దు."

కలిగిరి ఆమె వెనక్కి తిరిగి వీధిలోకి నడిచింది.

బడి దగ్గరికి నడిచాం. వంటగదిలో ఎవరో కొత్త మనిషి బియ్యం కడుగుతోంది. పాత ఆమె ఏదని అడిగితే, "ఆమెను మాన్పించినారు. నాలుగు దినాలైంది" అని కుండ వైపు తిరిగింది.

వంటామె ఇంటి ముందు నీడలో చింతపండు గింజలు తీస్తోంది. ఎవరివో గంపలు, కూలికి తెచ్చుకుంది. ఆమె భర్త కాస్త దూరంలో వల చిక్కు తీస్తూ మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

"రండి మేడం" అంది. అంతకుముందు నన్ను అక్కా అనేది. "ఇంకా ఏమన్నా రాయాల్నా?"

ఏం జరిగిందని అడిగాను. చేతులు ఆపకుండానే చెప్పింది.

"పెద్దాయన పిలిపించినాడు. పోయినా. ముందుగదిలో ఆరేడు మంది కూర్చోనుండారు. నన్ను చూసి, ‘రెండొందల పదిహేడూ, ఇట్ట రా’ అన్నాడు. పుట్టినప్పట్నుంచీ ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టే పిలిచినారు మేడం. ఆ పొద్దు నంబరు పెట్టి పిలిచినాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. నవ్వక ఏం జేస్తా?"

కలిగిరి ఆమె నా పక్కన మెల్లగా నేల మీద కూర్చుంది.

"నేను రాసింది ఆయన ఫోన్లో ఉండాది. ఫోటో తీసినారు. చారు పొంగిపోయిందన్నది చదివినాడు, ఇంకా నవ్వినారు. ‘మన వంటమనిషి టీవీ చూస్తా చారు పోగొడతాదంట, పిల్లోళ్ళకు ఏం పెడతాదిరా’ అన్నాడు ఒకడు. దాని తర్వాత ఓటు గడి చదివినాడు. అప్పుడెవురూ నవ్వలా."

"తర్వాత?"

"తర్వాతేముండాది? రేపట్నుంచి బడికి రావొద్దన్నారు. సాయంత్రానికి పాళెమంతా తెలిసిపోయింది. డైరీలో ఈ వారం కాగితాల్లో అందరూ కలిసి ఒకేపాలి టిక్కులు పెట్టేసినారు. చదువు రాని వాళ్ళకు నేనే పెట్టినా."

నేను ఏదో అన్నాను. పొరపాటైందనో, మాట్లాడి చూస్తాననో. ఆమె మొదటిసారి తలెత్తి చూసింది.

"పూచీ అన్నారు గదా మేడం. పూచీ అంటే ఏంది, మీ ఊళ్ళో?"

నేను లేచి, నేరుగా పెద్దింటికి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకుంటూ నడిచాను. నోట్లో కత్తులు పెట్టుకుని వెళ్ళినట్టే వెళ్ళాను. పెద్దాయన వాలు కుర్చీలో ఉన్నాడు. టీవీ నడుస్తోంది. ఆ చానలే.

"రామ్మా, కూర్చో. కాఫీ తాగతావా?"

"మా సంచి ఎందుకు విప్పారు?"

ఆయన టీవీ గొంతు తగ్గించాడు. ఆశ్చర్యపోయినట్టు కూడా నటించలేదు.

"మేమేం దొంగతనం జేయలా. మీరే మా ఇంట్లో పెట్టి పోయినారు. మా ఊరోళ్ళు రాసిన కాగితాలు మా ఇంట్లో ఉంటే చూడమా?"

"అవి రహస్యం. పరిశోధన కోసం రాసినవి."

"ఓహో. నువ్వు సంచి దగిలించుకోని ఇంటింటికీ పోయి, ఎవురి మనసులో ఏముండాదో, ఏ గుర్తుకు ఓటేస్తారో అడిగి రాసుకుంటే పరిశోధన. నేను చదివితే తప్పు. నువ్వు ఎవురి కోసం రాసుకుంటా ఉండావు? ఆ కాగితాలు చూసి వాళ్ళు ఏం జేస్తారు? జనాన్ని ఎట్ట తిప్పుకోవాల్నో నేర్చుకుంటారు. అంతేనా కాదా? నేనూ అదే నేర్చుకున్నా."

"మీరొకామె పొట్ట కొట్టారు."

"ఆ యమ్మ నంబరు కాగితం మీదేసింది నేనా?"

వాదించడంలో నన్ను మించిన మనిషి లేదని మా ఇంటి వాళ్ళందరూ సాక్ష్యం చెబుతారు. ఆ రోజు ఆ ముందుగదిలో బీరువా పక్కన సంచి పెట్టిన చోటు చూస్తూ కూర్చున్నాను. పెద్దింటామె కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. తాగలేదు, అంతవరకే నా వీరత్వం.

సాయంత్రం నగరానికి ఫోన్ చేశాను. ప్రాజెక్టు చూసే ఆయన వయసులో చిన్నవాడు, పెద్ద చదువు చదివినవాడు. ఆ పాళెం కాగితాలు తీసేయండి, జనం భయపడి రాశారు అన్నాను. ఎవరిని చూసి భయం అన్నాడు. ఊరి పెద్దల్ని చూసి అన్నాను. వాళ్ళు మొదటి వారం కూడా ఉన్నారు కదా మేడం, అప్పుడెందుకు భయపడలేదు అన్నాడు. మంచి ప్రశ్న. దానికి ఒకటే జవాబు: అప్పటికి నంబర్లు వాళ్ళ చేతిలో పడలేదు. ఆ జవాబు చెప్పాలంటే కోడ్ మార్చింది నేనని చెప్పాలి. అక్కడికి పంపే కాగితాల్లో నంబరు గడి చించేసి ఉంటుంది, కాబట్టి నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పలేదు. "ఎందుకో తెలియదు" అన్నాను.

ఆయన ఉత్సాహంగా, "అదే వారంలో ఆ ప్రాంతంలో కొన్ని వీడియోలు బాగా తిరిగాయి మేడం, మీరు గమనించారా?" అన్నాడు. అప్పుడే నాకు అర్థమైంది ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో. అయినా నోరు విప్పలేదు. ఆ పని పోతే వయసైన దానికి ఇంకో పని ఎవరిస్తారన్నది నా లెక్క. నా పని నిలుపుకున్నాను. వంటామె పని పోయింది. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి.

మీకు ఇక్కడ కలిగిరి ఆమె గురించి ఒక మాట చెప్పాలి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నేను చెప్పినా గదా" అని ఒక్కసారైనా అని ఉంటే పోట్లాడేదాన్ని, అలవాటైన పని కాబట్టి కాస్త తేలికపడేదాన్ని. మూడో వారం అయ్యాక ఆమె మానేసి మళ్ళీ పాలసీలకు వెళ్ళిపోయింది. నేను క్షమాపణ చెప్పడానికి ఒకసారి కలిగిరి వెళ్ళాను. మజ్జిగ పోసింది, పిల్లల చదువుల గురించి మాట్లాడింది. నేను అసలు సంగతి ఎత్తబోతే, "అవన్నీ ఎందుకులే అక్కా, బస్సుకు టైమయింది" అని లేచింది.

ఎన్నికలయ్యాయి. ఏ పార్టీ గెలిచిందో మీకు తెలిసే ఉంటుంది. ఎవరు గెలిచినా ఆ బడిలో వంట మనిషి మారలేదు. కొత్తామె కూడా బీదదే, ఆమెను తీసేయమని ఎవరిని అడగాలి? పాత ఆమె తెల్లవారకముందే ఆటోలో చేజర్ల వైపు నాట్లకు వెళుతోందని విన్నాను. నడుం వంచి చేసే పని, ఆమెకు అలవాటు లేనిది. ఏడాది తర్వాత ఒక శిక్షణ తరగతిలో మొదటిసారి ఆ రెండు బొమ్మలు చూశాను. ‘ఫోను ప్రభావం’ అని శీర్షిక. హాలంతా చప్పట్లు. నేను నాలుగో వరసలో ఉన్నాను. ప్రతి మీటింగులో చేయెత్తి విసిగించే దాన్ని, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు పేర్లు లేకుండా రాస్తున్నాను చూడండి, ఇది కూడా సగం ధైర్యమే.

మీకు నేర్పడానికి నా దగ్గర పెద్ద పాఠం ఏమీ లేదు. ఎవరైనా ‘నాకెందుకీ తంటా’ అంటే వాదించి గెలవకండి. వాళ్ళకు మీకు తెలియని లెక్క ఏదో తెలిసి ఉంటుంది.

డైరీల మూడు వారాలూ ముగిసి, ఓట్లు కూడా అయ్యాక, చివరి విడతగా ఎవరికి వేశారో అడగాలి. పాళేనికి నేనే వెళ్ళాను. వంటామె అందరిలాగే పెద్దింటి గుర్తు పేరు చెప్పింది. చాలా మామూలుగా, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. నేను రాసుకున్నాను. ఆ జవాబుతో నగరం వాళ్ళ పని అయిపోయింది. నా పని అవలేదు. పోలింగు రోజు ఆ అట్టపెట్టె చాటున, మిషను ముందు ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. పెద్దాయన లేడు, టీవీ లేదు, ఫోన్ లేదు, నేను లేను. అక్కడ ఆమె వేలు ఎటు పోయింది? నేను ఆమె నోటి జవాబును మాత్రమే పాడుచేశానా, లేక ఆ చాటున వేసిన ఓటును కూడానా? ఇది తెలుసుకోవాలని నాకు ఇంకా ఉంది. అడిగే హక్కు ఉన్న మనిషి ఎవరైనా మీలో ఉన్నారా?